తుపాకీ మీద మూడక్షరాలు

ట్రాయ్,
12 జనవరి 2025

అక్కయ్యకు నమస్కారం.

ఫోన్ చేస్తే "నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, చెప్పేదేదో కాగితం మీద రాయి" అని పెట్టేశావు కనుక రాస్తున్నాను. ఈ దేశం వచ్చి ముప్పై నాలుగేళ్ళయింది. తెలుగులో ఉత్తరం రాసి ముప్పై ఏళ్ళు దాటి ఉంటుంది. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపకు.

రిటైరయ్యాక నేనేం చేస్తున్నానని మీ అంకిత అడిగిందట. మీ మావయ్య ఒక రష్యన్ సైనికుడి తుపాకీ కొన్నాడని చెప్పు. పోయిన నెల గ్రాండ్ రాపిడ్స్‌లో పాత ఆయుధాలు అమ్మే చోట దొరికింది. తూలా అనే ఊళ్ళో 1940లో చేసిన రైఫిల్. బారెల్ మీద నక్షత్రం ముద్ర, సంవత్సరం, నంబరు అన్నీ ఉన్నాయి. అమ్మినాయన దీని కథంతా చెప్పాడు. స్టాలిన్‌గ్రాడ్‌లో పోరాడిన ఒక స్నైపర్‌దట. ముందువైపు కొయ్య మీద పదకొండు గాట్లు ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో జర్మన్ ప్రాణం. గాట్ల పైన మూడు రష్యన్ అక్షరాలు చెక్కి ఉన్నాయి. మా కలెక్టర్ల క్లబ్బులో డేవ్ అనే ఆయన వాటి అర్థం కనిపెట్టాడు: గుడ్లగూబ. చీకట్లో కూడా గురి తప్పడని మారుపేరు అన్నమాట.

మార్చి 22న క్లబ్ వాళ్ళ ప్రదర్శన. నాకొక బల్ల ఇచ్చారు, పది నిమిషాల ప్రసంగం కూడా ఇచ్చారు. ఆ క్లబ్బులో నేనొక్కణ్ణే ఇండియన్‌ని. ముప్పై ఏళ్ళు వీళ్ళ కార్లకు పోతపోసిన ఇనుము పరీక్షించాను. మీటింగుల్లో నేను రెండో వాక్యం మొదలుపెట్టేసరికి ఎవడో ఒకడు అందుకునేవాడు. ఈ గుడ్లగూబ పుణ్యమా అని పది నిమిషాలు నోరు మూసుకుని వింటారు.

నువ్వు విశాఖ స్టీల్ ప్లాంట్‌లో ఇరవై ఆరేళ్ళు రష్యన్ కాగితాలు అనువాదం చేశావు కదా. ఫోటోలు పంపుతున్నాను. ఆ మూడక్షరాలు సరిగ్గా ఎలా పలకాలో రాయి, చాలు.

నీ మరదలు రాధారాణి నీకు నమస్కారం చెప్పమంది. తుపాకీ గరాజ్ దాటి లోపలికొస్తే తను బయటికి పోతానంటోంది.

తమ్ముడు,
రాఘవులు

*

రెడ్‌మండ్,
25 జనవరి 2025

రాఘవులూ,

ఆశీస్సులు ఉన్నాయి గాని, అవి చివర్లో. ఎర్రసిరా అయిపోయింది కనుక నీ ఉత్తరం దిద్దకుండా దాచాను.

నేను రష్యన్ ఎం.ఏ.లో చేరిన రోజు వంటింట్లో నువ్వన్న మాట గుర్తుందా? "ఆ భాషతో ఏం చేస్తావక్కా, మంచుకు అట్లు పోస్తావా?" అన్నావు. నాన్నగారు విస్తరి ముందు కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అదే భాషలో ఇవాళ నీకు మూడక్షరాలు కావలసి వచ్చాయి. అవీ చదవడానికి కాదు, పలకడానికి. అర్థం డేవ్ చెప్పేశాడు కదా.

ఆ మూడక్షరాలను "సిచ్" అని పలకాలి. చిన్నరకం గుడ్లగూబనే అంటారు. కాని మీ డేవ్ నిఘంటువు చూశాడు, తుపాకీ చూడలేదు. మూడో అక్షరం పక్కనే కొయ్య రంగు మారుతోంది. అక్కడ వేరే చెక్కముక్క అతికారు. పేరు మధ్యలో తెగి, మిగతాది ఆ అతుక్కు బలైపోయింది. సిచోవ్ అనేది వాళ్ళలో చాలామందికుండే ఇంటిపేరు. విరిగిన బోర్డు మీద "కాకి" అన్నంతవరకే దొరికితే నువ్వు పక్షి అనుకుంటావా, కాకినాడ అనుకుంటావా?

బారెల్ మీద చిన్న చదరంలో రెండు ఇంగ్లీషు అక్షరాలున్నాయి, ఎస్.ఏ. అని. అది ఫిన్లాండ్ సైన్యం ముద్ర. రష్యావాళ్ళ దగ్గర పట్టుకున్న తుపాకుల మీద కొట్టేవాళ్ళు. అంకిత కంప్యూటర్‌లో పది నిమిషాల్లో తీసి చూపించింది. ఫిన్లాండ్ వాళ్ళ చేతికి చిక్కిన తుపాకీ ఆ చివరనున్న స్టాలిన్‌గ్రాడ్‌కు ఎలా వెళ్ళింది? టికెట్ కొనుక్కునా?

ఇక ఆ గాట్లు. ఫోటోలోనే లోపలి చెక్క తెల్లగా మెరుస్తోంది. ఎనభై ఏళ్ళ మురికి పదకొండింటిలో ఒక్కదానికైనా పట్టలేదా? లోహాల పరీక్షలో బతుకంతా గడిపినవాడివి, కళ్ళు రిటైరయ్యాయా?

మనవరాలు హంసిక ఫోటో చూసి "అమ్మమ్మా, తాత ఈజ్ గోయింగ్ టు వార్?" అని అడిగింది. లేదమ్మా, మోసపోవడానికి వెళ్ళి వచ్చేశాడు అన్నాను.

ఆశీస్సులతో,
జ్ఞానప్రసూన

*

ట్రాయ్,
5 ఫిబ్రవరి 2025

అక్కయ్యకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు గరాజ్‌లోకి పోలేదు. మూడోరోజు భూతద్దం పట్టుకుని వెళ్ళాను. గాట్ల అంచుల మీద పాత వార్నిష్ తెగి ఉంది. అంటే వార్నిష్ తర్వాత చెక్కినవి. నువ్వు చెప్పిందే నిజం.

అమ్మినాయన దగ్గరికి రెండున్నర గంటలు డ్రైవ్ చేసి వెళ్ళాను. "ఈ గాట్లు నువ్వే పెట్టావా?" అని అడిగాను. ఆయనేం తొణకలేదు. "సర్, మీరు కథ కొన్నారు. తుపాకీ దాంతోపాటు వచ్చింది," అన్నాడు. వాపసు తీసుకుంటాను, ఇచ్చెయ్యమన్నాడు. ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదు.

క్లబ్బులో కాకినాడ సంగతి చెప్పాను. డేవ్ "మీ అక్క ఎవరి తరఫున పనిచేస్తోంది?" అన్నాడు, అందరూ నవ్వారు. వాళ్ళ నవ్వు నీకు ఆనందమే అనుకుంటాను.

కాని అక్కయ్యా, గుడ్లగూబ లేకపోయినా సిచోవ్ అనేవాడొకడు ఉన్నాడు కదా. తుపాకీ ఫిన్లాండ్ చేతికి చిక్కిందంటే, చేతిలో ఉండగానే చనిపోయి ఉంటాడు. అది మాత్రం వీరత్వం కాదా? అతనెవరో తెలిస్తే నా పది నిమిషాలకూ అది సరిపోతుంది. రష్యా వాళ్ళు యుద్ధం నాటి కాగితాలన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారట. అంతా చేతిరాత. నాకు గోడ మీద చీమల్లా ఉంది. నంబరు 4417, ముందు రెండు రష్యన్ అక్షరాలు. ఫోటో వెనక రాశాను.

నువ్వు చూస్తానంటేనే. బతిమాలడం లేదు.

రాఘవులు

*

రెడ్‌మండ్,
2 మార్చి 2025

రాఘవులూ,

బతిమాలడం లేదని రాసి కింద గీత కూడా గీశావు. అలా బతిమాలడం నీకే చేతనవును.

మూడు వారాలు రోజూ హంసిక బడికి వెళ్ళాక కూర్చున్నాను. ఆ గుమాస్తాల చేతిరాత ముందు మా ప్లాంట్ ఇంజనీర్ల రాత ముత్యాలు. ఫిన్లాండ్ సరిహద్దు దగ్గర పోరాడిన దళాలు, 1941 నుంచి, సిచోవ్ అనే పేరు. అలా ముప్పై ఎనిమిది మంది సిచోవ్‌లను దాటాక నీవాడు దొరికాడు. స్విర్ అనే నది ఒడ్డున ఉన్న ఒక దళం రాసిన నివేదిక, 21 సెప్టెంబరు 1941. ఉన్నదున్నట్టు తెలుగు చేస్తున్నాను:

"సైనికుడు సిచోవ్ యెగోర్ మత్వేయెవిచ్, జననం 1912, తనకు అప్పగించిన కాపలా చోటు వదిలి, 4417 నంబరు రైఫిల్‌తో సహా శత్రువు వైపు వెళ్ళిపోయాడు. కుటుంబ వివరాలు జిల్లా అధికారులకు పంపడమైనది."

ముందున్న రెండక్షరాలతో సహా నంబరు సరిపోయింది. మనిషి పోయాడని కాదు, సర్కారు సొత్తు పోయిందని నంబరు రాశారు. అలా రాయబట్టే మనకు దొరికాడు.

నీ వీరుడు పారిపోయాడు. పది నిమిషాల్లో దీన్ని ఎలా చెబుతావో చెప్పు, అనువాదంలో సాయం చేస్తాను.

జ్ఞానప్రసూన

*

ట్రాయ్,
8 మార్చి 2025

అక్కయ్యకు,

నువ్వు నిజంగా చదివి రాశావో, నాకు బుద్ధి చెప్పడానికి రాశావో తెలియదు. ముప్పై ఎనిమిది మందిలో పారిపోయినవాడే నీకు దొరకాలా? ఎప్పుడో పద్నాలుగేళ్ళప్పుడు అన్న ఒక్క మాటకు ఇన్నేళ్ళు వడ్డీ కట్టించుకుంటున్నావు.

ప్రసంగం రద్దు చేసుకున్నాను. బల్ల డేవ్‌కి ఇచ్చేశారు.

ఇక దీని గురించి రాయనక్కర్లేదు.

రాఘవులు

*

రెడ్‌మండ్,
31 మార్చి 2025

రాఘవులూ,

రాయవద్దన్నావు. నీ మాట ఎప్పుడు విన్నాను గనుక. నువ్వు అలిగి కూర్చో, నేను జరిగింది చెబుతాను.

నివేదిక రష్యన్ నకలు ఈ కవర్లో పెట్టాను. నేను కల్పించానేమో ఎవరిచేతనైనా చదివించుకో. ఇరవై ఆరేళ్ళలో నా అనువాదం వల్ల ఒక్క బోల్టు కూడా తప్పు చోట బిగించలేదు.

ఆ కాగితాల చోటే, ఆచూకీ లేకుండా పోయినవాళ్ళ కోసం బంధువులు ప్రకటనలు పెట్టుకుంటారు. 2011లో మాయ అనే అమ్మాయి ఒకటి పెట్టింది. "మా ముత్తాత సిచోవ్ యెగోర్ మత్వేయెవిచ్ గురించి ఏ చిన్న సంగతి తెలిసినా రాయండి. మా అమ్మమ్మకు తెలియకుండా వెతుకుతున్నాను." అదే పుట్టిన సంవత్సరం. రాశాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది, ఇదే రాష్ట్రంలోని స్పోకేన్ నుంచి. ప్రపంచం ఎంత చిన్నదో అని నువ్వు అనబోతున్నావు. ఏమీ చిన్నది కాదు, నాలుగున్నర గంటలు పట్టింది. దారిలో కొండల మీద మంచు. అంకిత స్టీరింగ్ పట్టుకుని "అమ్మా, వీకెండంతా డ్రైవ్ చేసి ఒక డెడ్ మ్యాన్ గురించి అడగడానికి వెళ్తున్నామా? జూమ్ కాల్ పెట్టుకోవచ్చు కదా," అని దారంతా సణిగింది.

మాయ నర్సు. వాళ్ళ అమ్మమ్మ లిడియా, సిచోవ్ కూతురు. ఎనభై ఏడేళ్ళు. తండ్రి యుద్ధానికి వెళ్ళేనాటికి ఆవిడకు మూడేళ్ళు. ముప్పై ఏళ్ళ క్రితం మాయ తల్లితో కలిసి ఇక్కడికి వచ్చింది. నా రష్యన్ విని ముందు నవ్వింది. "మీరు ఫ్యాక్టరీ మాన్యువల్‌లా మాట్లాడతారు," అంది. నిజమే.

నివేదిక సంగతి ఆవిడకు మనం చెప్పక్కర్లేదు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తెలుసు. సైనికుల కుటుంబాలకిచ్చే రొట్టె కార్డు వీళ్ళకు ఆపేశారు. పేరు ఊళ్ళో బోర్డు మీద రాశారు. తల్లి అడవిలో చెట్లు కొట్టే పనికి పోయింది. టీచర్ ట్రైనింగ్‌కి దరఖాస్తు పెడితే "ద్రోహి కూతురు పిల్లలకేం చెబుతుంది" అని ఈవిణ్ణి తిప్పి పంపారు. పెళ్ళి ఫోటోలో మొగుడి ముఖం వరకు తల్లి కత్తెరతో తీసేసింది. ఆ ఫోటో నాకు చూపించింది. పెళ్ళికూతురి పక్కన కోటు ఉంది, పైన ముఖం లేదు.

"ఫిన్లాండ్‌లోనో స్వీడన్‌లోనో ఇంకో పెళ్ళి చేసుకుని, వెన్న రాసిన రొట్టె తిని, ముసలివాడై పోయుంటాడు," అంది. "మీ తమ్ముడితో చెప్పండి, ఆ తుపాకీ కరగబెట్టి గరిటెలు చేయించుకోమని."

నీ వీరత్వం మాట నేను ఎత్తలేదు. సిగ్గేసింది.

జ్ఞానప్రసూన

*

ట్రాయ్,
16 ఏప్రిల్ 2025

అక్కయ్యకు,

నేను అలగలేదు. అంటే వారం రోజులు అలిగాను, తర్వాత పనిలో పడ్డాను.

నీమీద కోపంతో తుపాకీ అమ్మేద్దామని తీశాను. శుభ్రం చేస్తుంటే ఆ అతుకు దగ్గర చెయ్యి ఆగింది. కాకినాడ అతుకే. అది ఎడమచేతి వేళ్ళు చుట్టుకునే చోటు. కొయ్య పుచ్చి అతికించారా, విరిగి అతికించారా అని అనుమానం వచ్చింది. ఇది నా పనే కదా, విరిగినదేదైనా ఎలా విరిగిందో చెప్పడం.

నేను పనిచేసిన ల్యాబ్‌లో వినీత్ అని మన కుర్రాడున్నాడు, వరంగల్ వాడు. ఇంజిన్ భాగాల్లో పగుళ్ళు చూసే ఎక్స్‌రే మెషీన్ వాడి చేతిలో ఉంది. శనివారం రమ్మన్నాడు. "అంకుల్, ఇది మా మేనేజర్‌కి తెలిస్తే నా హెచ్-వన్ గోవిందా, జల్ది కానియ్యండి," అంటూనే మూడు వైపుల నుంచి తీశాడు.

అతుకు వెనక, కొయ్య లోతులో, బొటనవేలి గోరంత ఉక్కుముక్క ఉంది. అంచులు చిరిగినట్టు ఉన్నాయి. మేకు కాదు, తూటా కాదు. పేలిన ఫిరంగి షెల్ ముక్క. పక్కన బారెల్ మీద చిన్న నొక్కు కూడా ఉంది. ఫిన్లాండ్ వాళ్ళు చీలిన కొయ్య చెక్కేసి, లోపలిది లోపలే ఉంచి, పైన అతుకు వేసి వాడుకున్నారు. రెండుసార్లు విరిగి ఉంటే రెండో అతుకు ఉండేది. లేదు.

దీని అర్థం ఏమిటో నేను చెప్పను, నువ్వు వెక్కిరిస్తావు. చూసింది మాత్రం చెబుతాను. ఆ ముక్క తగిలినప్పుడు తుపాకీ ఒకరి చేతిలో ఉండి ఉంటే, ఆ చెయ్యి బాగుండి ఉండదు. ఫిన్లాండ్ వాళ్ళు ఖైదీల కార్డులు దాచారట. అడుగుదామా? నేను ఇంగ్లీషులో రాయగలను, పేరు స్పెల్లింగు నువ్వు చూడు.

నివేదిక ఎవరిచేతా చదివించలేదు. నువ్వు తప్పు రాయవని తెలుసు.

రాఘవులు

*

రెడ్‌మండ్,
24 మే 2025

రాఘవులూ,

ఫిన్లాండ్ నుంచి కార్డు నకలు వచ్చింది, ఇంగ్లీషు చేసి మరీ పంపారు. నీ చేతికి కూడా వచ్చే ఉంటుంది. నా మాటల్లో మళ్ళీ చదువు.

పట్టుబడిన రోజు 20 సెప్టెంబరు 1941. నివేదికకు ముందు రోజు. "మోసుకొచ్చారు. స్పృహ లేదు. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు లేవు. గాయం తాజాది."

మోసుకొచ్చారు. కాళ్ళతో వెళ్ళలేదు. కాపలా చోటు దగ్గర షెల్ పడింది, మనిషి పడిపోయాడు, అవతలివాళ్ళు వచ్చి మనిషినీ తుపాకీనీ ఎత్తుకుపోయారు. తెల్లారి ఇవతలి అధికారి వచ్చి చూస్తే చోటు ఖాళీ. వెతకడం కంటే రాయడం సులువు, రాసేశాడు.

కార్డులో కింద ఇంకో వరుస ఉంది. "17 ఫిబ్రవరి 1942. మరణం. కారణం: నీరసం." తిండి పెట్టకుండా చంపినదానికి ఆఫీసు పెట్టిన పేరు నీరసం. ఆ చలికాలం ఆ ఖైదీల శిబిరాల్లో వేలమందికి ఈ నీరసమే వచ్చింది. ఒక ఆఫీసు "వెళ్ళిపోయాడు" అంది, ఇంకో ఆఫీసు "నీరసం" అంది. ఇలాంటి మాటలు అనువాదం చేసే నేను జీతం తీసుకున్నాను.

నీ ఎక్స్‌రే లేకపోతే కార్డు అడగాలన్న ఆలోచన నాకు వచ్చేది కాదు. ఇంతకంటే ఎక్కువ మెచ్చుకోవడం నాకు చేతకాదు, ఆశించకు.

వచ్చే నెల స్పోకేన్ వెళ్ళి చెబుతాను.

జ్ఞానప్రసూన

*

ట్రాయ్,
30 మే 2025

అక్కయ్యకు,

కార్డు చదివి రాధారాణి ఏడ్చింది. నేను గరాజ్‌లోకి వెళ్ళి తుపాకీ దగ్గర నిలబడ్డాను.

లిడియా గారికి నా మాటగా చెప్పు: మీ నాన్న పారిపోలేదు, నిలబడ్డాడు. ఎనభై మూడేళ్ళు మీరు మోసిన అవమానం ఇవాళ దిగిపోయింది. ఎక్స్‌రే పెద్దది చేయించి పంపుతున్నాను, ఫ్రేమ్ కట్టించాను. ఆవిడ చేతిలో పెట్టేటప్పుడు మాయను ఫోటో తీయమను. సెప్టెంబరులో క్లబ్బువాళ్ళు మళ్ళీ బల్ల ఇస్తామన్నారు. ఈసారి చెప్పడానికి నిజమైన సంగతి ఉంది.

ఆవిడ ఎంత సంతోషిస్తుందో తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టడం లేదు.

రాఘవులు

*

రెడ్‌మండ్,
14 జూన్ 2025

రాఘవులూ,

నీ ఫ్రేము ఇంకా కారు డిక్కీలోనే ఉంది.

లిడియాకు మొత్తం చెప్పాను. నివేదిక, కార్డు, ఉక్కుముక్క. నీ వాక్యాలు కూడా చెప్పాను.  ఆవిడ కార్డు మీద ఆ చివరి తేదీ చూపించమంది. చూపించాను. "నలభై రెండు ఫిబ్రవరా?" అంది.

అవునన్నాను.

"ఐదు నెలలు. అంతేనా?" అంది. తర్వాత నావైపు చూడకుండా చెప్పింది. "నేను టీచర్ కాలేనని తెలిసిన రోజు ఆయన్ని తిట్టాను. అమ్మ పోయిన రోజు తిట్టాను. నా పెళ్ళి రోజు తిట్టాను. ప్రతిసారీ ఆయన ఎక్కడో కిటికీ పక్కన కూర్చుని, కాఫీ తాగుతూ, వెచ్చగా ఉన్నాడనుకుని తిట్టాను. వింటున్నాడనుకున్నాను. మీరొచ్చి, అప్పటికే లేడంటున్నారు. ఆకలితో పోయాడంటున్నారు. నేనెవరిని తిట్టాను?"

నేనేదో అనబోయాను. "పారిపోయి ఉంటే బతికేవాడు," అంది. "నాకు అలాగే బాగుండేది. మీకెవరు చెప్పమన్నారు?"

మాయ మమ్మల్ని తలుపు దాకా సాగనంపింది. 

అవమానం దిగిపోతుందని రాశావు, నేనూ అదే అనుకుని చీర మార్చుకుని మరీ వెళ్ళాను. మేధావులం ఇద్దరమూ. ఐదు నెలలు కష్టపడి, ఎనభై ఏడేళ్ళ ఆవిడ తండ్రిని ఆవిడ ముందు చంపి వచ్చాం.

జ్ఞానప్రసూన

*

ట్రాయ్,
25 జూన్ 2025

అక్కయ్యకు,

నాకు రాసినట్టే ఆవిడతోనూ మాట్లాడి ఉంటావు. పెద్దావిడకు అలాంటి సంగతి మెల్లగా చెప్పాలి. ముందు మంచి మాట, తర్వాత తేదీ. నీకు మెల్లగా చెప్పడం ఎప్పుడు వచ్చు గనుక.

సెప్టెంబరు బల్ల నాకు వద్దని చెప్పేశాను. డేవ్ ఎందుకన్నాడు. ఇది నా కథ కాదన్నాను. "గాట్ల కథే బాగుండేది," అన్నాడు.

రాఘవులు

*

రెడ్‌మండ్,
8 సెప్టెంబరు 2025

రాఘవులూ,

నీ ఉత్తరానికి జవాబు ఇవ్వకూడదనుకుని రెండు నెలలు ఆగాను. వయసు మీద పడి కోపం కూడా నిలవడం లేదు.

ఆవిడతో నేను వెటకారంగా మాట్లాడలేదు. నాకు రష్యన్‌లో వెటకారం రాదు. బొగ్గు, ఉష్ణోగ్రత, కవాటం, ఇవే వచ్చు. తండ్రి చావు గురించి చెప్పడానికి కావలసిన మాటలు నాకెవరూ నేర్పలేదు. అందుకే తిన్నగా చెప్పాను. మెల్లగా చెప్పేవాళ్ళే ఆ కార్డు మీద నీరసం అని రాశారు.

మాయకు రెండు ఉత్తరాలు రాశాను. "అమ్మమ్మ బాగానే ఉంది, మాట్లాడడం లేదు," అని ఒకే ఒక వాక్యం వచ్చింది. ఇంక విసిగించదలచుకోలేదు. అక్టోబరు మొదటి వారం విశాఖ వెళ్తున్నాను, పెన్షన్ కాగితాల పని. జనవరి దాకా అక్కడే. మాయకు నీ ఫోన్ నంబరు ఇచ్చాను, నేను లేనప్పుడు అవసరం పడితే అని. అవసరం పడదు.

రాధారాణికి ఆశీస్సులు. నీకూ.

జ్ఞానప్రసూన

*

మిజూలా, మోంటానా,
21 అక్టోబరు 2025

అక్కయ్యకు,

ఇది తిరుగుదారిలో ఒక మోటెల్ నుంచి రాస్తున్నాను. విశాఖ చేరేసరికి ఎన్నాళ్ళవుతుందో తెలియదు. ఫోన్‌లో చెప్పొచ్చు, చెప్పలేను.

ఈ నెల తొమ్మిదిన మాయ ఫోన్ చేసింది. "గ్రాండ్‌మా వాంట్స్ టు సీ ఇట్. ఒక్కసారి. పిక్చర్స్ వద్దంట, అదే కావాలంట," అంది. విమానంలో పంపడం, పార్సిల్ చేయడం నాకు నచ్చలేదు. పెట్టెలో పెట్టి తాళం వేసి డిక్కీలో పెట్టుకుని బయలుదేరాను. రాధారాణి తనంతట తనే బట్టలు సర్దుకుని కారెక్కింది. నాలుగు రోజులు పట్టింది. నార్త్ డకోటాలో గాలికి కారు పక్కకు పోతుంటే తను లలిత చదువుతూ కూర్చుంది.

నిన్న మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాం. చిన్న అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. లిడియా గారు నేననుకున్నంత పొడుగు లేరు, నా భుజం దాకా వస్తారు. దారంతా కారులో ఇంగ్లీషులో ఒక ప్రసంగం తయారుచేసుకున్నాను. సరిగ్గా పది నిమిషాలే వచ్చింది. మొదలుపెట్టబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఏదో అన్నారు. "మాటలు వద్దంట," అంది మాయ.

పెట్టె తెరిచాను. ఆవిడ దగ్గరికి రాలేదు. సోఫాలో కూర్చునే మాయతో ఏదో చెప్పారు. తుపాకీ తీసి, వాళ్ళ నాన్న పట్టుకున్నట్టు నన్ను నిలబడి పట్టుకోమన్నారట.

అక్కయ్యా, అప్పుడు తెలిసింది, నాకు తుపాకీ పట్టుకోవడం రాదని. క్లబ్బులో అందరం బల్ల మీద పెట్టి నంబర్లు చదువుతాం. పది నెలలుగా నా ఇంట్లో ఉంది, ఒక్కసారీ భుజానికి ఎత్తలేదు. అరవై రెండేళ్ళవాణ్ణి, పొట్ట, కళ్ళజోడు, రాధారాణి అల్లిన స్వెటరు. కుడిచేత్తో వెనక పట్టుకుని, ఎడమచెయ్యి అతుకు దగ్గర పెట్టి, ఎవరూ లేని గోడవైపు తిరిగి నిలబడ్డాను. చాలా బరువుంది. 

ఆవిడ లేచి వచ్చారు. అక్షరాలు చూశారు. అతుకు చూశారు. వేలితో దాన్ని తాకలేదు. నా ఎడమచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు ముట్టుకుని, నావైపు చూసి రష్యన్‌లో ఒక మాట అడిగారు. మాయ చెప్పక్కర్లేకపోయింది. ఈ రెండా అని.

తల ఊపాను.

ఆ రెండు వేళ్ళూ గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డారు. తుపాకీ బరువుకు నా భుజం లాగేస్తోంది, కదలలేదు. రాధారాణి ఏమనుకుందో తను కూడా లేచి నిలబడింది. తర్వాత ఆవిడ మాయతో మెల్లగా చెప్పారు. మాయ నాకు చెప్పింది.

"ఆయన యుద్ధానికి వెళ్ళే రోజు గ్రాండ్‌మా రైల్వే స్టేషన్ దాకా ఆయన వేళ్ళు పట్టుకుని నడిచిందంట. పిల్ల చెయ్యి విదిలించుకుని రైలెక్కాడని వాళ్ళమ్మ తిట్టుకునేదంట. తను పట్టుకున్నది ఆయన ఏ చేతి వేళ్ళో మాత్రం వాళ్ళమ్మ ఎప్పుడూ చెప్పలేదంట."

తర్వాత టీ పెట్టారు. తుపాకీ తనకు వద్దన్నారు, ఇంట్లో ఉండకూడదన్నారు. నా దగ్గరే ఉంచుకోమన్నారు, ఎవరికీ అమ్మవద్దన్నారు. నువ్వు ఎక్కడున్నావని అడిగారు. విశాఖలో ఉందని, సముద్రం పక్కన అని చెప్పాను. జనవరిలో రాగానే రమ్మన్నారు. ఈసారి చదవడానికి కాగితాలేవీ తేవద్దన్నారు.

రేపు తెల్లవారుజామున బయలుదేరుతున్నాం. ముందు కొండల మీద మంచు పడుతోందట.

తమ్ముడు,
రాఘవులు